మైక్రోఫోను పీఠము – తెలుగు ధ్వనిలేఖనము

భాషాపరిశోధకునకు నేడు ధ్వనిలేఖనము తాళపత్రమువంటి సాక్ష్యము. తాళపత్రమున పురుగు తొలిచినచోట అక్షరము సందిగ్ధమైనచో ఆ సందేహమును మనము అధోజ్ఞాపికలో చూపుదుము. లేఖకుడు చేసిన తప్పును కవికి అంటగట్టము. ధ్వనిలేఖనమున ఒక హల్లు సందిగ్ధమైనపుడు మాత్రము, ఆ దోషము పలికినవారిదా, యంత్రముదా, యంత్రమును నిలిపిన పీఠముదా అని విచారించు అలవాటు మనకింకను ఏర్పడలేదు. మైక్రోఫోను ఏ జాతిదో, దాని వెల యెంతయో అడుగువారు పలువురు. అది దేనిపై నిలిచినదో అడుగువారు అరుదు. మైక్రోఫోనును మోయు స్టాండు, దానిని పట్టియుంచు బిగింపు, దాని యెత్తు, దూరము, కోణము తెలుగు ఉచ్చారణకు సంబంధించిన సాక్ష్యమును ఎట్లు మార్చునో, ఆ మార్పును తరువాత ఏల సరిదిద్దజాలమో చూపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. పూర్వరంగము

మన దేశభాషల పలుకును యంత్రమున నిలుపు ప్రయత్నము క్రొత్తది కాదు. గ్రియర్సను నడిపిన భారతీయ భాషాపరిశీలనకు అనుబంధముగా 1913 మొదలు 1929 వరకు పెక్కు భాషల మాదిరులు గ్రామఫోను పలకలపై నెక్కినవి. 1925 ప్రాంతమున విద్యుత్పద్ధతి వ్యాప్తికి వచ్చువరకు గ్రామఫోను పలకల తయారీలో మైక్రోఫోను ప్రసక్తి లేదు. పలుకువారు ఒక పెద్ద కొమ్మునకు ఎదురుగా నిలిచి పలుకవలసియుండెను. గొంతు హెచ్చినచో వెనుకకు, తగ్గినచో ముందునకు జరుగుటయే ఆనాటి నియంత్రణము. అనగా నోటికిని యంత్రమునకును నడుమనుండు దూరము ఈ విద్యకు తొలిపాఠము.

తొలినాటి ప్రసారకేంద్రములలో వాడిన కార్బను మైక్రోఫోనులలో బొగ్గురేణువులు ఉండెడివి. చిన్న కుదుపు తగిలినను ఆ రేణువులు కదలి గరగర శబ్దము పుట్టెడిది. అందుచేత మైక్రోఫోనును ఒక లోహవలయము నడుమ స్ప్రింగులతో వ్రేలాడదీయుచుండిరి. పాత ఛాయాచిత్రములలో మనకు కనబడు ఆ వలయము అలంకారము కాదు. నేడు స్టూడియోలలో షాక్ మౌంటు అని వ్యవహరించు రబ్బరుత్రాళ్ల ఊయెల దానికి వారసురాలు.

ఢిల్లీ రేడియోకేంద్రము 1936 జనవరి 1న ప్రసారములను ఆరంభించెను. ఆ సంవత్సరము జూనులోనే ఆ సంస్థకు ఆలిండియా రేడియో అను పేరు వచ్చెను. ఈ నగరమునుండి తెలుగు వార్తలు పెక్కు దశాబ్దములు తెలుగునాటికి వినవచ్చినవి. చలనచిత్రరంగమున స్థిరపడుటకు ముందు కొంగర జగ్గయ్య ఇచటనే తెలుగు వార్తలు చదివిరి. తరువాతికాలమున శివాజీ గణేశను నటించిన చిత్రముల తెలుగు రూపములకు గొంతు నిచ్చిరి. కంచుకంఠమని లోకము మెచ్చిన ఆ స్వరము సైతము శ్రోతను చేరుటకు ముందు, ఏదో యొక పీఠముపై నిలిచిన మైక్రోఫోనును దాటియే రావలసియుండెను.

ఇదే నగరమున 1947 నవంబరు 12న మహాత్మాగాంధి పార్లమెంటు వీథిలోని బ్రాడ్‌కాస్టింగు హౌసునకు వచ్చి, కురుక్షేత్ర శిబిరములోని శరణార్థుల నుద్దేశించి ప్రసంగించిరి. ప్రార్థనసభలలో ఆయన కూర్చుండు పొట్టి చెక్కబల్లను ఆనాడు స్టూడియోలో అమర్చిరని ప్రసిద్ధి. ఇందు మనకొక సూత్రము లభించుచున్నది. వక్త తనకు అలవాటైన భంగిమలో కూర్చుండవలెను; మైక్రోఫోనే ఆయన యొద్దకు పోవలెను. వక్తను మైక్రోఫోనునకు లొంగదీయు పీఠము మొదటనే దోషయుక్తము.

2. కంపనము

శబ్దము మైక్రోఫోనును రెండు మార్గముల చేరును. ఒకటి గాలి, రెండవది పీఠము. బల్లపై చేయి తగిలినచో గాలిలో అది అల్పమైన చప్పుడే కావచ్చును. కాని బల్ల, స్టాండు, బిగింపు వరుసగా కంపించి మైక్రోఫోను శరీరమునే కదల్చును. శరీరము నిలిచియుండగా లోపలి పొర కదలినను, పొర నిలిచియుండగా శరీరము కదలినను యంత్రమునకు భేదము లేదు. రెంటిని అది శబ్దముగనే గ్రహించును.

నా యనుభవము నొకదానిని ఇచట చెప్పుట అవసరము. కొన్ని సంవత్సరముల క్రిందట, కుమారుని కుటుంబముతో ఢిల్లీలో స్థిరపడిన శ్రీకాకుళ ప్రాంతపు వృద్ధురాలొకరు దంపుళ్లపాటలు పాడగా నేను ధ్వనిలేఖనము చేసితిని. వారి యింటి మడతబల్లపై పొట్టి స్టాండు నుంచి దానికి మైక్రోఫోనును బిగించితిని. ఆమె పాడుచు బల్లపై అరచేతితో దరువు వేయసాగిరి. వలదని మెల్లగా మనవి చేయగా, “సెయ్యి ఆడకపోతే పాట రాదు బాబూ” అనిరి. ఆ మాట సత్యము. రోకటిపోటుతో పుట్టిన పాటకు దరువు ప్రాణము. తప్పు చేతిది కాదు. ఆ చేయి తగులు బల్లపైననే మైక్రోఫోనును నిలిపిన నాది.

ఇంటికి వచ్చి వినగా ప్రతిపాదమునను మొదటి యక్షరముపై దరువు పడియున్నది. బలముగా కొట్టినచోట్ల సంకేతము యంత్రముయొక్క హద్దును మించి దాని శిఖరములు తెగిపోయినవి. అచట ఆమె చకారమును పలికిరో, సకారమును పలికిరో నిర్ణయించుట అసాధ్యము. పదాదిచకారము సకారమగుట ఆ ప్రాంతపు పలుకుబడిలో గుర్తింపదగిన లక్షణము గాన, పోయినది అల్పవిషయము కాదు.

మెల్లగా కొట్టినచోట్ల దరువును ఫిల్టరుతో తొలగింప యత్నించితిని. దరువు శక్తిలో అధికభాగము 200 హెర్ట్జులకు దిగువనుండుటచే ఆ భాగమును కోసివేసితిని. చప్పుడు తగ్గినది. కాని దానితోపాటు గ, జ, డ, ద, బ లకు ఆధారమైన నాదము కూడ పోయినది. తెలుగున పదాదిని సరళమును పలుకునపుడు, వాయుమార్గము మూసియున్న క్షణముననే కంఠతంత్రులు కంపించుట ఆరంభించును. ఆ నాదము మంద్రపౌనఃపున్యములందే వినబడును. పరుషమునకు అది లేదు. ఆ మంద్రనాదమును తీసివేసినచో సరళము పరుషమునకు సమీపించును. వ్యాకరణమున ద్రుతముమీది పరుషములు సరళములగును; నా ఫిల్టరు సరళములను పరుషములవైపు త్రోసినది. పరిచితపదములందు అర్థమునుబట్టి నిర్ణయింపవచ్చును. నిఘంటువుల కెక్కని మాండలికపదములందు ఆ యూహకు ఆధారము లేదు. అట్టి పదములకొరకే కదా ఆ పాటలను సేకరించుట!

మరల ధ్వనిలేఖనము చేయవలెనని రెండు మాసముల తరువాత ఆ యింటికి పోయితిని. అప్పటికి ఆమె గతించిరి.

ఇట్టి నష్టమును నివారించుటకే ఊయెల వంటి మౌంటు ఏర్పడినది. దాని పని సులభముగా గ్రహింపవచ్చును. మెత్తని ఆధారముపై వ్రేలాడు ప్రతి బరువునకును ఒక సహజపౌనఃపున్యము ఉండును. మైక్రోఫోను బరువునకు త్రాళ్లు 1 మిల్లీమీటరు సాగినచో అది సుమారు 16 హెర్ట్జులు. 1 సెంటీమీటరు సాగినచో సుమారు 5 హెర్ట్జులు. సహజపౌనఃపున్యమునకు 1.4 రెట్లు దాటిన కంపనములను మాత్రమే ఊయెల తగ్గించును. అంతకు పైకి పోయినకొలది మరింత తగ్గించును. సహజపౌనఃపున్యము దగ్గరనైతే తగ్గించుటకు మారుగా హెచ్చించును. కావున బరువైన మైక్రోఫోను కొరకు చేసిన ఊయెలలో తేలికదానిని ఉంచినచో త్రాళ్లు చాలినంత సాగవు. అది పేరునకే ఊయెల. మితిమీరిన బరువును ఉంచినచో మైక్రోఫోను వలయమునకు తగులును. అపుడును ఫలము లేదు.

ఢిల్లీలో ఈ లెక్క కేవలము పాఠ్యవిషయము కాదు. వేసవిలో పంకా, కూలరు గోడలను కంపింపజేయును. 2004 నుండి విశ్వవిద్యాలయ ప్రాంతమునకు భూగర్భమార్గమున మెట్రోరైలు నడచుచున్నది. నేలగుండ వచ్చు రైలుకంపనములు సాధారణముగా 30 మొదలు 80 హెర్ట్జుల నడుమ ప్రబలముగా నుండును. 30 హెర్ట్జుల కంపనము వచ్చినదనుకొందము. 16 హెర్ట్జుల ఊయెల అందు సుమారు నూటికి 40 వంతులను లోనికి విడుచును. 5 హెర్ట్జుల ఊయెల నూటికి 3 వంతులను మాత్రమే విడుచును. త్రాళ్ల సాగుదలలో మిల్లీమీటరునకును సెంటీమీటరునకును గల భేదము ఇంతటిది.

ఊయెల యున్నను తీగను బిగువుగా లాగి స్టాండునకు కట్టినచో కంపనము ఆ తీగ మార్గముననే లోనికి వచ్చును. మైక్రోఫోను దగ్గర తీగను వదులుగా ఒక చుట్టు వ్రేలాడనిచ్చి, పిదప స్టాండునకు కట్టవలయును.

3. పరావర్తనము

బల్ల చేయు రెండవ అపకారము కంటికి కనబడదు. చెవికి కూడ వెంటనే తెలియదు. నోటినుండి వెడలిన ధ్వని తిన్నగా మైక్రోఫోనును చేరును. బల్లకు తగిలి మరలివచ్చియు చేరును. రెండవది కొంచెము ఆలస్యముగా వచ్చుటచే కొన్ని పౌనఃపున్యములందు మొదటిదానిని బలపరచును, కొన్నిటియందు దానిని క్షీణింపజేయును.

ఒక సామాన్యమైన అమరికను తీసికొందము. నోరు బల్లకు 30 సెంటీమీటర్ల పైన, మైక్రోఫోను 15 సెంటీమీటర్ల పైన ఉన్నవి; రెంటికి అడ్డదూరము 30 సెంటీమీటర్లు. అపుడు తిన్నని మార్గము సుమారు 33.5 సెంటీమీటర్లు; బల్లకు తగిలివచ్చు మార్గము సుమారు 54 సెంటీమీటర్లు. భేదము 20.5 సెంటీమీటర్లు. ధ్వనివేగము సెకనునకు 343 మీటర్లని గ్రహించినచో, సుమారు 840, 2500, 4200 హెర్ట్జులవద్ద ధ్వనిలో లోయలు ఏర్పడును. బల్ల నునుపై ధ్వనిని పూర్తిగా మరలించినచో, మైక్రోఫోను అన్ని దిక్కులను సమముగా వినునదైనచో, ఆ లోయల లోతు 8 డెసిబెలుల వరకు ఉండును.

ఈ సంఖ్యలు తెలుగు ధ్వనులపై ఎచట పడుచున్నవో గమనింపవలయును. ఆకారముయొక్క మొదటి ఫార్మెంటు, అనగా నోటిలో ఏర్పడు మొదటి అనునాదస్థానము, పలుకువారినిబట్టి 700 మొదలు 900 హెర్ట్జుల ప్రాంతమున నుండును. మొదటి లోయ సరిగా అచటనే పడినది. కోస్తా పలుకుబడిలో ‘వచ్చాడు’ అనునపుడు చకారముమీది అచ్చు శుద్ధమైన ఆకారము కాదు, ఏకారమును కాదు. రెంటి నడుమనుండు తాలవ్య దీర్ఘము. దీనిని ప్రత్యేకమైన అచ్చుగా భాషాశాస్త్రజ్ఞులు గుర్తించిరి. మన వర్ణమాలలో దీనికి గుర్తు లేదు. లిపి తెలుపజాలని ఈ యచ్చునకు ధ్వనిలేఖనమే సాక్షి. ఆ సాక్షిని 840 హెర్ట్జులవద్ద బల్ల మూగను చేసినచో, మనము కొలిచిన స్థానము వక్త నోటిదా, బల్లదా?

చకారములందును ఇట్టి ప్రమాదమే కలదు. ‘చాప’, ‘చలి’ అను పదములలోని దంత్యచకారమునకును, ‘చెవి’, ‘చిలుక’ అను పదములలోని తాలవ్యచకారమునకును గల భేదమును పూర్వలాక్షణికులు గుర్తించిరి. దంత్యమున ఒరిపిడిధ్వని యొక్క శక్తి తాలవ్యమునకంటె ఉచ్చపౌనఃపున్యములందు కేంద్రీకరించును. 4200 హెర్ట్జుల లోయ ఈ భేదము తేలవలసిన ప్రాంతమునకు చేరువనే యున్నది. అదియును గాక, వక్త తల వంచినపుడెల్ల మార్గభేదము మారి లోయలు స్థానమును మార్చుకొనును. అందుచే ఒకే వాక్యమున మొదటి ఆకారమును, చివరి ఆకారమును భిన్నవర్ణములవలె యంత్రమున కనబడవచ్చును.

బల్లపై పలుచని వస్త్రమును పఱచుట కాగితముల గరగరను తగ్గించును గాని, 840 హెర్ట్జుల పరావర్తనమును ఆపజాలదు. ప్రసంగములకొరకు ఏర్పఱచిన కొన్ని స్టూడియోలలో ధ్వని క్రిందికి పోవునట్లు రంధ్రములుగల పలకపై వస్త్రము కప్పిన బల్లలను వాడుట ఇందులకే. మైక్రోఫోనును బల్లకు 1 సెంటీమీటరు ఎత్తునకు దించినచో, పై అమరికలోనే మొదటి లోయ 12,000 హెర్ట్జులకు పైకి పోవును. పరావర్తనదోషము చాలవరకు తొలగును. కాని అపుడు బల్లకంపనము మరింత చేరువగును. ఒక దోషమును తప్పించుకొన మరియొకదానికి చిక్కుట యిది. మైక్రోఫోనును బల్లనుండియే వేరుచేసి, నేలపై నిలిచిన బూమ్ స్టాండునుండి వ్రేలాడదీయుట రెండు దోషములకును మేలైన పరిహారము.

4. దూరము, కోణము

దూరము రెట్టించినచో తిన్నగా వచ్చు ధ్వని 6 డెసిబెలులు తగ్గును. 5 సెంటీమీటర్ల దూరమున పలుకువారు మరి 5 సెంటీమీటర్లు వెనుకకు ఒరిగినచో ఆ తగ్గుదల వచ్చును. 15 సెంటీమీటర్ల దూరమున పలుకువారు అంతయే ఒరిగినచో తగ్గుదల 2.5 డెసిబెలులు మాత్రమే. కావున మిక్కిలి చేరువగా నిలుపు స్టాండు వక్త కదలికలను పెద్దవిగా చూపును. వాక్యమున ఏ పదమున ఊనిక కలదో ధ్వనిబలమునుబట్టి నిర్ణయించువారు ఈ విషయమును మరువరాదు. మెడ వంగు స్టాండులు, బిగువు తగ్గిన బూములు బరువునకు క్రమముగా క్రిందికి జారును. గంటసేపు జరిగిన ధ్వనిలేఖనమున మొదటి కథకును చివరి కథకును స్వరభేదము కనబడినచో, వక్త అలసిరని వ్రాయుటకు ముందు స్టాండు జారినదేమో చూడవలయును.

ఒకే దిక్కును వినునట్టి మైక్రోఫోనులకు మరియొక గుణము కలదు. నోరు చేరువైనకొలది అవి మంద్రస్వరములను హెచ్చించును. ప్రకటనలు చదువువారు గొంతునకు గాంభీర్యము వచ్చుటకు దీనిని కోరి వాడుదురు. పరిశోధకునకు అది గాంభీర్యము కాదు, కలుషము.

మహాప్రాణముల విషయము మరింత జాగ్రత్తను కోరును. శ్వాస నోటికి ఎదురుగా తిన్నగా పోవును. ధ్వని అన్ని వైపులకు వ్యాపించును. మైక్రోఫోను నోటికి సూటిగా నున్నచో పకార, బకారముల శ్వాస పొరపై నేరుగా పడి ‘ధబ్’ అను చప్పుడు పుట్టును. అట్టి లేఖనమున అల్పప్రాణము సైతము మహాప్రాణమువలె భ్రాంతి కలిగింపవచ్చును. వాడుకలో మహాప్రాణములను పెక్కుమంది తెలుగువారు అల్పప్రాణములుగా పలుకుట మనము ఎరిగినదే. ఎవరు పలుకుచున్నారు, ఎవరు పలుకుటలేదు అను ప్రశ్నకు సమాధానము స్టాండు కోణమునుబట్టి మారరాదు. మైక్రోఫోనును నోటికి కొంచెము ప్రక్కగా, పెదవిమూలకు ఎదురుగా నిలిపి, నోటివైపునకు త్రిప్పినచో ధ్వని చేరును, శ్వాస తప్పుకొనును. నడుమ సన్నని వస్త్రపు తెర నుంచుట మరింత క్షేమము.

5. ఆచరణము

పై విచారణనుండి తేలిన విధులు స్వల్పములు. వ్యయము అంతకంటె స్వల్పము. వక్తను ముందుగా సుఖముగా కూర్చుండనిచ్చి, పిదప స్టాండును అమర్చవలయును. చేయి ఆడవలసిన పాటయైనచో చేతికి ఒక బల్లను విడువవలయును; మైక్రోఫోను మరియొక ఆధారముపై ఉండవలయును. ఊయెల లేనిచోట స్టాండు పాదముల క్రింద దళసరి బొంతను మడచి యుంచుట కొంత మేలు. నోటికి మైక్రోఫోను జానెడు దూరమున, ప్రక్కగా నుండవలయును. పనికి ముందు మాట్లాడక అరనిమిషము నిశ్శబ్దమును లేఖనము చేసి, ఆ తరువాత స్టాండు పాదముపై వ్రేలితో మెల్లగా తట్టి చూడవలయును. ఆ తట్టు లేఖనమున బిగ్గరగా వినబడినచో అమరిక పనికిరాదు. పని ముగిసిన పిదప దూరమును మరల కొలువవలయును.

వీనికంటె ముఖ్యమైనది వివరణపత్రము. వక్త గ్రామము, వయస్సు, విద్య వ్రాయుచోటనే మైక్రోఫోను ఎత్తు, దూరము, కోణము, స్టాండు దేనిపై నిలిచినదో వ్రాయవలయును. ఫిల్టరు తగలని మూలప్రతిని భద్రపఱచవలయును. ప్రతిస్థితి వర్ణింపని తాళపత్రసంస్కరణమును మనము అంగీకరింపము. ధ్వనిలేఖనమునకును అదే న్యాయము చెల్లవలయును.

ఢిల్లీ, నోయిడాలలోని స్టూడియోలలో తెలుగు వ్యాఖ్యానములు చదువుటకు మన విద్యార్థులు పోవుచుందురు. అచటి సాంకేతికులు నిపుణులే యైనను పలువురకు తెలుగు రాదు. గాలిచప్పుడు పడినచో వారు గుర్తింతురు. దంత్యచకారము తాలవ్యముగా వినబడినచో, సరళము పరుషమైనచో వారికి తెలియదు. ఆ భారము చదువువారిదే. కావున “నా నోటికి ఎదురుగా కాక ప్రక్కగా నిలుపుడు, బల్లను తొలగింపుడు” అని సవినయముగా అడుగుటకు తగినంత జ్ఞానము తెలుగు విద్యార్థికి ఉండవలయును. ఇది యంత్రశాస్త్రము కాదు. శిక్షాశాస్త్రమున చేరదగిన పాఠము.

నా యొద్దనున్న ఆ దంపుళ్లపాటల ప్రతిలో సందిగ్ధమైన ప్రతి యక్షరముమీదను గుర్తు నుంచితిని. వానిని ఊహతో పూరింపలేదు. రోకటిపోటు ఎరిగిన గొంతులు ఈ నగరమున ఇంకను కొన్ని కలవు. వాని యొద్దకు పోవు యువపరిశోధకులు మైక్రోఫోనును తీయుటకు ముందు, బల్లను ఒకమారు పరికింతురుగాక.